టగ్గుకి నాలుగు బాటిల్ స్టార్లు ఎందుకిచ్చారు?

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీ అబ్బాయి షిప్పు ఉద్యోగమని వెళ్ళి టగ్గులో చేరాడు. అతని గదిలో ‘టమరోవా’ అనే పాత అమెరికన్ కోస్ట్ గార్డ్ నౌక ఫొటో ఉంది. అది రెండో ప్రపంచ యుద్ధంలో ‘జూని’ అనే పేరుతో నేవీ టగ్గుగా పనిచేసిందనీ, నాలుగు బాటిల్ స్టార్లు తెచ్చుకుందనీ అతను చెప్పాడు. ఓడల్ని రేవులోకి తోసే పడవకి యుద్ధంలో ఏం పని, ఎవర్ని ముంచిందని స్టార్లిచ్చారు అని మీ సందేహం.

జూని ఎవర్నీ ముంచలేదు. మునిగిపోతున్న వాటికి తాడు కట్టి వెనక్కి లాక్కొచ్చింది. 1944 అక్టోబర్, నవంబర్ నెలల్లో టార్పెడో (నీళ్ళలోంచి దూసుకొచ్చే బాంబు) దెబ్బలు తిన్న రెండు క్రూజర్లు, అంటే పెద్ద యుద్ధనౌకలు, రేవు చేరడంలో దాని చెయ్యి ఉంది. ఒకదాన్ని ఇంకో టగ్గుతో కలిసి లాగింది, రెండోదాన్ని సుమారు 1,500 మైళ్ళు తీసుకొచ్చింది. ఇక బాటిల్ స్టార్ సంగతి. ఎన్ని ముంచావని లెక్కపెట్టి ఇచ్చేది కాదది. ఫలానా యుద్ధ చర్యలో, శత్రువు దెబ్బ తగిలే చోట ఉండి పనిచేసిన నౌకకి ఇస్తారు. ఆ లెక్కన టగ్గులకి రావడంలో వింతేమీ లేదు. అందరూ వెనక్కి వస్తుంటే ఎదురు వెళ్ళేవి అవే కదా.

నా సంగతి కూడా చెప్పాలి. విశాఖ పోర్టులో హార్బర్ టగ్గుల్లో మొదలుపెట్టి, ఆఫ్‌షోర్ టగ్గుల్లో మాస్టర్‌గా రిటైరయ్యాను. నేవీలో చెయ్యలేదు, యుద్ధం చూడలేదు. కానీ ఇంజన్ చచ్చిన ఓడకి నడిసముద్రంలో తాడు కట్టడం అంటే ఏంటో ఒళ్ళు నొప్పులతో సహా తెలుసు. అందుకే జూని చరిత్ర చదివినప్పుడల్లా మిగతావాళ్ళు దాటేసే చోట నేను ఆగిపోతాను.

మీరు రేవులో చూసే టగ్గు వేరు, ఇది వేరు. హార్బర్ టగ్గు ఇల్లు దాటని మనిషి లాంటిది. పొద్దున వెళ్ళి నాలుగు ఓడల్ని బెర్తుకి ఆనించి సాయంత్రానికి వచ్చేస్తుంది. జూని ‘ఫ్లీట్ టగ్’. నౌకాదళం ఎక్కడికి వెళ్తే అక్కడికి, వేల మైళ్ళు వెంట వెళ్ళడానికి కట్టింది. పొడవు 205 అడుగులు, నిండు బరువు 1,700 టన్నులకి కాస్త తక్కువ, సిబ్బంది ఎనభై మంది పైచిలుకు. ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో కట్టారు. 1943 మార్చిలో పని మొదలుపెట్టి, జులై 31న నీళ్ళలోకి దించి, అక్టోబర్ 9న నేవీలోకి తీసుకున్నారు. ఏడు నెలలు! మామూలు రోజుల్లో ఏ యార్డులోనైనా ఇంత తొందరగా అవుతుందా చెప్పండి. ఈ తరగతి టగ్గులకి అమెరికా ఆదివాసీ తెగల పేర్లు పెట్టారు: నవాహో, సెమినోల్, పానీ, మన్సీ, జూని. జూనీలు న్యూ మెక్సికో ప్రాంతపు తెగ.

దీని ఇంజన్ గురించి ఒక్క ముక్క చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నాలుగు డీజిల్ ఇంజన్లు కరెంటు పుట్టిస్తాయి, ఆ కరెంటుతో మోటార్లు ఒకే ఒక్క ప్రొపెల్లర్‌ని తిప్పుతాయి. మొత్తం 3,000 హార్స్‌పవర్. ఒంటరిగా వెళ్తే 16 నాట్లు, అంటే గంటకి దాదాపు 30 కిలోమీటర్లు. ఈ కరెంటు గొడవ ఎందుకంటే, లాగేటప్పుడు కావలసింది వేగం కాదు. ప్రొపెల్లర్ చాలా నెమ్మదిగా తిరుగుతూ గట్టిగా పట్టు ఇవ్వాలి, ఆ పట్టుని బ్రిడ్జి (ఓడని నడిపే గది) మీంచి ఇసుమంత అటూ ఇటూ మార్చగలగాలి. ఎద్దుల బండి బురదలోంచి లాగినవాళ్ళకి తెలుస్తుంది: ఒక్కసారి అదిలిస్తే పగ్గం తెగుతుంది, బండి కదలదు.

ఇప్పుడు దాని ఎదురుగా పడ్డ బరువు చూడండి. హ్యూస్టన్ అనే క్రూజర్ పొడవు 610 అడుగులు. నిండుగా ఉంటే 14,000 టన్నుల దాకా తూగుతుంది, దాని సొంత ఇంజన్లది లక్ష హార్స్‌పవర్. అలాంటిది ఇంజన్లన్నీ పోయి, లోపల మరో 6,000 టన్నుల పైగా నీళ్ళు చేరి, ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.

అసలు కథ 1944 అక్టోబర్‌లో ఫార్మోసా దగ్గర, అంటే ఇప్పటి తైవాన్. అమెరికన్ విమానవాహక నౌకలు అక్కడి జపాన్ ఎయిర్‌ఫీల్డుల మీద దాడి చేస్తున్నాయి. అక్టోబర్ 13 సాయంత్రం కాన్‌బెరా అనే క్రూజర్‌కి విమానం వేసిన టార్పెడో తగిలింది. 23 మంది చనిపోయారు, ఇంజన్ గదుల్లోకి 4,500 టన్నుల నీరు వచ్చేసింది. మర్నాడు 14న హ్యూస్టన్‌కి తగిలింది. శత్రువు తీరం కూతవేటు దూరం, పసిఫిక్‌లోని సొంత రేవు ఉలితి మాత్రం 1,300 మైళ్ళు. అలాంటప్పుడు మామూలుగా ఏం చేస్తారంటే, మనుషుల్ని దించేసుకుని ఓడని సొంత చేతులతో ముంచేస్తారు. ఈసారి ఫ్లీట్ కమాండర్ అడ్మిరల్ హాల్సీ లాక్కుపోదాం అన్నాడు.

మొదట్లో టగ్గులు అక్కడ లేవు. కాన్‌బెరాని విచిటా అనే క్రూజర్, హ్యూస్టన్‌ని బోస్టన్ అనే క్రూజర్ లాగాయి. ఇక్కడే మీ ప్రశ్నకి అసలు జవాబుంది, కాస్త ఓపిగ్గా చదవండి. యుద్ధనౌక ఇంకో యుద్ధనౌకని లాగుతుందంటే నష్టపోయింది ఒకటి కాదు, రెండు. దెబ్బ తిన్నది ఎలాగూ పనికిరాదు, లాగేది కూడా నాలుగు నాట్ల వేగంతో తిన్నగా పోతూ జలాంతర్గామికి చక్కటి గురి అయిపోతుంది. తిరగలేదు, తప్పించుకోలేదు. 1942 అక్టోబర్ 26న శాంటాక్రూజ్ దీవుల దగ్గర హార్నెట్ అనే విమానవాహక నౌకకి ఇదే జరిగింది. నార్తాంప్టన్ అనే క్రూజర్ లాగుతుంటే మళ్ళీ విమానాలొచ్చాయి, తాడు వదిలేయక తప్పలేదు. హార్నెట్ పోయింది. అదే ఏడాది జూన్‌లో మిడ్‌వే దగ్గర యార్క్‌టౌన్‌ని లాగడానికి ఒక టగ్గయితే దొరికింది, పేరు విరియో. కానీ అది 1919 నాటి మైన్‌స్వీపర్‌ని టగ్గుగా మార్చింది. పాతికవేల టన్నుల నౌకకి వెయ్యి టన్నులు కూడా లేని ఓడ! నత్తనడకన పోతుంటే జపాన్ జలాంతర్గామి ఐ-168 వచ్చి టార్పెడోలు వేసింది. మర్నాడు పొద్దుటికి యార్క్‌టౌన్ లేదు.

ఈ రెండు దెబ్బలూ గుర్తుంటేనే జూని, పానీ, మన్సీల విలువ తెలుస్తుంది. 1944 నాటికి ఫ్లీట్ వెనకే ఆయిల్ ట్యాంకర్ల గుంపుతో పాటు గట్టి టగ్గులు కాచుక్కూర్చుని ఉన్నాయి. కబురందగానే బయల్దేరాయి. మన్సీ వచ్చి విచిటా చేతిలోంచి కాన్‌బెరాని, పానీ వచ్చి బోస్టన్ చేతిలోంచి హ్యూస్టన్‌ని తీసుకున్నాయి. రెండు మంచి క్రూజర్లకి మళ్ళీ చేతులు ఖాళీ అయ్యాయి.

చదివేటప్పుడు ‘తీసుకున్నాయి’ అని ఒక్క మాటలో అయిపోతుంది. చచ్చిన ఓడకి తాడు కట్టడంలోనే సగం పని, సగం ప్రాణాపాయం. ముందు సన్నతాడు విసురుతారు. దానికి కాస్త లావు తాడు, దాని వెనక ఇంకా లావు మోకు, ఆఖరున ఉక్కు వైరు. ఈ తరగతి టగ్గుల వైరు రెండంగుళాల మందం. అడుగుకి దాదాపు మూడు కిలోలు. బతికున్న ఓడైతే అణియంలో, అంటే ముందుభాగంలో, వించ్ (తాడు చుట్టే యంత్రం) తిప్పి లాక్కుంటుంది. కరెంటు లేని ఓడ మీద వించ్ ఎక్కడిది? మనుషులే వరసగా నిలబడి చేతులతో లాగాలి. డెక్కు ఒరిగి ఉంటుంది, దానిమీద నూనె, చీకటి. టగ్గు మాస్టరేమో తన అమరాన్ని, అంటే వెనకభాగాన్ని, ఆ పెద్ద ఓడ ముక్కు దగ్గరికి, దాదాపు ముద్దుపెట్టుకునేంత దగ్గరికి తీసుకెళ్ళి నిలపాలి. అల ఒక్కటి తేడాగా వస్తే అంతే.

నేను ఒకసారి కాకినాడ బయట ఇంజన్ ఆగిపోయిన చిన్న కార్గో ఓడకి ఇలా తాడు ఇవ్వాల్సి వచ్చింది. నవంబర్, ఈశాన్య గాలి. సన్నతాడు అందుకోవడానికే నాలుగుసార్లు తిప్పాం. అయిదోసారి అందింది కానీ పైనున్నవాళ్ళు ఆరుగురే, మోకు సగం వచ్చాక చేతులు వదిలేశారు. మొత్తం మళ్ళీ మొదటికి. తాడు పడేసరికి నాలుగు గంటలు పట్టింది. అది పగలు, నా మీద ఎవరూ బాంబులు వెయ్యట్లేదు. అయినా ఆ రాత్రి నా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

అక్టోబర్ 16 మధ్యాహ్నం పానీ హ్యూస్టన్‌ని లాగుతుండగా ఫార్మోసా వైపు నుంచి పెద్ద విమాన దళం వచ్చింది. కాబట్, కౌపెన్స్ అనే చిన్న విమానవాహక నౌకల ఫైటర్లు చాలావాటిని దారిలోనే ఆపేశాయి, కొన్ని మాత్రం జారి వచ్చాయి. హ్యూస్టన్ అమరానికి రెండో టార్పెడో తగిలింది. వెనకభాగంలో విమానాల పెట్రోలు అంటుకుంది. ఇలాంటప్పుడు టగ్గు మాస్టర్ ముందు రెండే దారులు. తాడు వదిలేసి తన ఎనభై మందిని తప్పించుకోవచ్చు, దానికి ఎవరూ తప్పుపట్టరు. లేదా పట్టుకుని ఉండొచ్చు. పట్టుకుంటే వెనకున్న ఓడ గభాల్న మునిగితే టగ్గుని కూడా వెనక్కి ఈడ్చుకుపోగలదు. పానీ నుంచి హ్యూస్టన్‌కి ‘పట్టుకునే ఉంటాం’ అనే అర్థం వచ్చే దీపపు సంకేతం వెళ్ళింది. మా పనివాళ్ళలో దీన్ని చదివి కళ్ళు చెమర్చనివాళ్ళని నేను చూడలేదు. బయటివాళ్ళకి మామూలు మాటలాగే ఉంటుంది, అదీ నిజమే.

తర్వాత జూని కూడా పానీతో కలిసి హ్యూస్టన్ లాగుడులో చేరింది. అక్టోబర్ 27న రెండు క్రూజర్లూ ఉలితి చేరాయి. లెక్క వేసుకోండి, పదమూడు రోజులు, సగటున నాలుగు నాట్లు. మనిషి కాస్త చురుగ్గా నడిస్తే అంతకంటే పెద్ద తేడా ఉండదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. జపాన్ పైలట్లు లేనిపోని లెక్కలు చెప్పడంతో, అమెరికన్ నౌకాదళాన్ని చాలావరకు ముంచేశామని టోక్యో రేడియో చాటింది. హాల్సీ ఆ అబద్ధాన్నే వాడుకుందామనుకున్నాడు. ఈ కుంటి ఓడల గుంపుని ఎరగా చూపిస్తే జపాన్ నౌకాదళం బయటికొస్తుందని ఆశ. నిజంగానే అడ్మిరల్ షిమా క్రూజర్లతో బయల్దేరాడు, కానీ అనుమానమొచ్చి వెనక్కి తిరిగాడు. అంటే ఆ టగ్గులు లాగుతున్నది దెబ్బతిన్న ఓడల్ని మాత్రమే కాదు, గాలానికి గుచ్చిన ఎరని. టోక్యో ముంచిన ఓడలన్నీ పైకి తేలి శత్రువు వైపే జోరుగా ‘పారిపోతున్నాయి’ అని హాల్సీ అప్పుడు వెటకారంగా పంపిన సందేశం బాగా పేరుపడింది. జోరు ఎంతో పానీ వాళ్ళని అడగాలి.

పేర్ల విషయం కూడా గమనించండి. 1942 మార్చి 1న సుండా జలసంధిలో మునిగిన హ్యూస్టన్ పేరునే ఈ హ్యూస్టన్‌కి పెట్టారు. 1942 ఆగస్టులో సావో దీవి దగ్గర పోయిన ఆస్ట్రేలియా క్రూజర్ కాన్‌బెరా పేరు ఈ కాన్‌బెరాకి పెట్టారు. అవే పేర్లున్న ఓడలు రెండోసారి కూడా మునిగాయన్న వార్త ఇంటికి పంపడం ఎవరికి ఇష్టం? లాక్కురమ్మనడానికి ఇదే కారణమని నేననను, కానీ ఆ ఓడల మీదున్న కుర్రాళ్ళ మనసులో ఇది మెదలకుండా ఉండదు కదా.

రెండోది రీనో, ఇది జూని సొంత కథ. నవంబర్ 3 రాత్రి ఫిలిప్పీన్స్‌లో శాన్ బెర్నార్డినో జలసంధికి తూర్పున జపాన్ జలాంతర్గామి ఐ-41 దీనికి టార్పెడో వేసింది. రీనో చిన్న క్రూజర్, 541 అడుగులు, పైభాగంలో ఫిరంగులు ఎక్కువ. ఇలాంటి పైబరువు ఓడలోకి నీళ్ళొస్తే భయం ఎక్కువ. ఎందుకో ఇంట్లోనే చూడొచ్చు. నిండు బిందె ఎత్తుకుని నడిస్తే పెద్దగా తొణకదు. అవే నీళ్ళు వెడల్పాటి పళ్ళెంలో పోసి పట్టుకుని నడవండి. మీరు కాస్త వంగితే నీళ్ళు అటే పరుగెత్తి మిమ్మల్ని ఇంకా వంచుతాయి. సగం నిండిన ఓడ గది ఆ పళ్ళెం లాంటిదే. ప్రతి అలకీ నీళ్ళన్నీ ఒరిగిన వైపే పోతాయి. అందుకే లాగే టగ్గుకి వేగం మీద కాదు, ఒరుగుడు మీద కన్నుండాలి. రేవు ఎప్పుడొస్తుందన్న ఆత్రంతో రెండు నాట్లు పెంచితే తీసుకొచ్చేది ఓడని కాదు, ఖాళీ తాడుని.

తాడు గురించి ఇంకొంచెం. కొత్తగా చేరిన కుర్రాళ్ళు తాడు బిగుతుగా, గీత గీసినట్టు ఉంటే బాగా లాగుతున్నాం అనుకుంటారు. పూర్తి తప్పు. మంచి లాగుడులో తాడు కనపడదు, నీళ్ళలోనే వేలాడుతూ ఉంటుంది. పెరట్లో దండెం చూడండి, కాస్త వదులుగా కడితే గాలి ఎంత వీచినా ఊగుతుందే కానీ తెగదు. బిగించి కట్టిన దండెం తడిబట్టలు వేసిన రోజే పుటుక్కుమంటుంది. సముద్రంలో వైరు సొంత బరువుతో కిందికి వేలాడటమే స్ప్రింగు. టగ్గు ఒక అల ఎక్కి వెనక ఓడ ఇంకో అల దిగితే, ఆ వేలాడే భాగం కాస్త లేచి అదురుని మింగేస్తుంది. అందుకే వెనక ఓడ లంగరు గొలుసుని కూడా వైరుకి కలుపుతారు, ఆ బరువు ఇంకా మేలు. జూని తరగతిలో అయితే టెన్షన్ పెరిగితే వైరుని కాస్త వదిలి, తగ్గగానే చుట్టుకునే ఆటోమేటిక్ వించ్ ఉండేది. నా మొదటి రెండు టగ్గుల్లో ఆ సౌకర్యం లేదు, యుద్ధం అయిపోయి నలభై ఏళ్ళు దాటాక కూడా!

తాడు తెగితే ఏమవుతుందో ఇప్పుడు చెప్పాలి, జూని కథలో అది కూడా ఉంది.

1945 ఫిబ్రవరి 19న ఐవో జిమా అనే జపాన్ దీవి మీద అమెరికన్ల దాడి మొదలైంది. నల్లటి అగ్నిపర్వతపు బూడిద బీచి, ఏటవాలు ఒడ్డు, ఆగని కెరటాలు. ట్యాంకుల్ని, సామాన్లని దించే ఎల్ఎస్‌టీ ఓడలు నేరుగా ముక్కు ఒడ్డుకి ఆనించి తలుపు తెరవాలి. కెరటం పక్కనుంచి కొట్టిందంటే ఓడ అడ్డం తిరిగి ఒడ్డుకి పడుకుంటుంది. ఇది ఎలా ఉంటుందో విశాఖ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2020 అక్టోబర్‌లో తెన్నేటి పార్కు దగ్గర లంగరు ఆగక ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ ‘మా’ని చూశారుగా. మళ్ళీ నీళ్ళలోకి లాగాలని ప్రయత్నించినా కుదరక అది సెల్ఫీల ఓడ అయిపోయింది. ఒక్కసారి అడ్డంగా ఇసుకలో కూర్చుంటే ప్రతి కెరటం ఇంకాస్త పైకి తోస్తుంది, కింద ఇసుకని తోడి పక్కన పోస్తుంది. లాగాలంటే మొదటి కొన్ని గంటల్లోనే లాగాలి.

ఐవో జిమా దగ్గర జూని నెలరోజులు ఇదే పని చేసింది. ఎల్ఎస్‌టీ-727 అనే ఓడ ఒడ్డున చిక్కుకుని అడ్డం తిరిగిపోతుంటే, ఆపడానికి జూని తనే దాని పక్కన ఒడ్డుకెక్కింది. నేను చెప్పేది సరిగ్గా చదవండి, లాగడం కుదరక తన ఒంటినే ఆసరాగా ఆనించింది. ఆ ప్రయత్నంలో లాగుడు మోకు తెగి ఇద్దరు సిబ్బంది చనిపోయారు. టగ్గు వెన్నెముక లాంటి కీల్ విరిగింది, అడుగున చిల్లులు పడ్డాయి. శత్రు గుండు ఒక్కటీ తగలకుండానే జూని అంత దెబ్బతింది. దాని యుద్ధం అక్కడికే ముగిసినట్టు.

బిగుసుకున్న మోకు తెగితే కొరడాలా వెనక్కొస్తుంది. కంటికి కనపడదు. నా మొదటి ఏడాదిలో మా సరంగు ఒకాయన ఉండేవారు, భీమిలి వైపు మనిషి. చదువు లేదు, కానీ తాడు చప్పుడు విని ఎంత బరువుందో చెప్పేవారు. ఒకరోజు నేను మోకు చుట్టకి లోపలివైపు నిలబడి చూస్తున్నాను. ఆయన గట్టిగా కూడా అరవలేదు, ‘బాబూ, ఆడ కాదు, ఇటొచ్చీ’ అన్నారు. రెండడుగులు వేశానో లేదో మోకు జారి బొల్లార్డ్ (మోకు చుట్టే ఇనుప దిమ్మ) మీంచి ఎగిరింది. నేను నిలబడ్డ చోట రెయిలింగు వంగిపోయింది. ఇంకో టగ్గులో నాతో పనిచేసిన కలాసీకి ఆ అదృష్టం లేదు, అతని కాలు పోయింది. ఏ కంపెనీ ఏ ఓడ అన్నది వదిలేయండి. అక్కడ పాత మోకుని మార్చమని మూడుసార్లు రాశాం, ‘ఈ ట్రిప్పు కానివ్వండి’ అన్నారు.

ఇక మీరు అడగకపోయినా నిజాయితీగా చెప్పాల్సిన మాట. లాక్కొచ్చిన ఈ క్రూజర్లు ఆ యుద్ధంలో మళ్ళీ పోరాడలేదు. హ్యూస్టన్ 1945 మార్చిలో న్యూయార్క్ యార్డు చేరింది, బాగయ్యేసరికి యుద్ధం అయిపోయింది. రీనో, కాన్‌బెరాల సంగతీ అంతే. మరి ఇంత కష్టం, ఇన్ని ప్రాణాల్ని పణంగా పెట్టడం దేనికి, ముంచేస్తే సరిపోయేది కదా అని వాదించేవాళ్ళున్నారు. లెక్క చూస్తే వాళ్ళ మాట కొట్టిపారేయలేం. నా మటుకు నాకు రెండు విషయాలు అడ్డొస్తాయి. 1944 అక్టోబర్‌లో యుద్ధం పది నెలల్లో ముగుస్తుందని ఎవరికీ తెలీదు. రెండోది, కాన్‌బెరాని తర్వాత క్షిపణి క్రూజర్‌గా మార్చారు, వియత్నాం యుద్ధం దాకా పనిచేసింది. లాగి పెట్టిన ఓడ ఎప్పుడు ఎవరికి పనికొస్తుందో లాగే రోజున చెప్పలేం. అయినా ఎరగా వాడటం మాత్రం నాకు మింగుడుపడదు. తాడు పట్టుకున్నవాడికి ఆ సంగతి చెప్పారో లేదో!

జూని మీద తుపాకులు ఉండేవా అని కూడా అడిగారు. ఉండేవి. మూడంగుళాల ఫిరంగి ఒకటి, విమానాల మీదకి 40, 20 మిల్లీమీటర్ల తుపాకులు కొన్ని. అవి ధైర్యానికి, అంతే. ఇదే తరగతి టగ్గులు యుద్ధంలో మూడు మునిగాయి. సెమినోల్‌ని 1942 అక్టోబర్‌లో గ్వాడల్‌కెనాల్ దగ్గర జపాన్ డిస్ట్రాయర్లు ముంచాయి. తరగతికి పేరిచ్చిన నవాహో 1943 సెప్టెంబర్‌లో పెట్రోల్ బార్జ్ లాగుతూ జలాంతర్గామి టార్పెడోకి పోయింది. నాసెట్ అదే నెలలో ఇటలీలో సలెర్నో దగ్గర విమాన దాడిలో పోయింది. టగ్గు పని భద్రమైన పని అని మీ బంధువులెవరైనా అంటే ఈ మూడు పేర్లు చెప్పండి. మీ ఆవిడ వినకుండా చెప్పండి.

యుద్ధం తర్వాత జూనిని 1946లో కోస్ట్ గార్డ్‌కి ఇచ్చారు, అప్పుడే టమరోవా పేరొచ్చింది. 1956లో ఆండ్రియా డోరియా అనే ఇటలీ ప్రయాణికుల నౌక మునిగిన చోటికి వెళ్ళింది. 1991 అక్టోబర్ చివర అట్లాంటిక్‌లో వచ్చిన భయంకరమైన తుఫానులో, ఇంధనం అయిపోయి సముద్రంలో దిగిన నేషనల్ గార్డ్ హెలికాప్టర్ సిబ్బందిలో నలుగుర్ని నీళ్ళలోంచి తీసింది. అయిదో మనిషి దొరకలేదు. అప్పటికి ఆ ఓడ వయసు 48 ఏళ్ళు. మీ అబ్బాయి గోడ మీద ఫొటో ఆ కాలానిదే అయ్యుంటుంది, తెల్ల రంగు మీద ఏటవాలు ఎర్ర పట్టీ ఉందేమో చూడండి. 1994లో సర్వీసు ఆపేశారు. మ్యూజియం చేద్దామని స్వచ్ఛందంగా కొందరు ఏళ్ళ తరబడి తుప్పు గీకి రంగులేశారు, అడుగున నీళ్ళు కారడంతో ఆ ఆశ వదులుకున్నారు. 2017 మేలో న్యూజెర్సీ, డెలావేర్ తీరానికి దూరంగా చేపల కోసం కృత్రిమ దిబ్బగా ముంచారు.

మన దగ్గర ఇలాంటి పని ఉందా అని చివర్లో అడిగారు. యుద్ధం లేకపోయినా ఉంది. 2025 జూన్‌లో కేరళ తీరానికి దూరంగా వాన్ హై 503 అనే కంటైనర్ నౌక తగలబడింది. నేవీ హెలికాప్టర్లోంచి మనుషుల్ని ఆ మండే ఓడ మీదకి దించి, టగ్గుకి తాడు కట్టించి తీరానికి దూరంగా లాగారు. 1944లో చేతులతో చేసిందే, కాకపోతే పైనుంచి. ఆ వీడియోలు మీ అబ్బాయి చూసే ఉంటాడు.

అతనిది హార్బర్ టగ్గా, ఆఫ్‌షోరా? ఆఫ్‌షోర్ అయితే వించ్ మీద తాడుని ఒక్కసారిగా వదిలేసే క్విక్ రిలీజ్ బటన్ బ్రిడ్జిలో ఎక్కడుందో, ఆఖరిసారి ఎప్పుడు నొక్కి చూశారో అడిగి ఇక్కడ రాయండి. చాలాచోట్ల ఆ బటన్ మీద మూత తుప్పు పట్టి ఉంటుంది. అదే అయితే ఏం చెయ్యాలో, పై ఆఫీసర్‌కి నొప్పి కలగకుండా ఎలా చెప్పాలో విడిగా రాస్తాను.